అంటు మొక్క కొనే ముందు



పెరట్లో బత్తాయి చెట్టు ఉంటే పిల్లలకు పండు దొరుకుతుంది. కానీ నాటిన మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మొక్క మంచిది కాకపోతే అన్నేళ్ల చాకిరీ మట్టిపాలు. అందుకే కొనేటప్పుడే చూసుకోవాలి.

అంటు మొక్క అంటే ఏమిటి? రెండు మొక్కలు కలిపి ఒకటి చేసినది. పైన ఉన్నది బత్తాయి. అది కాయ ఇస్తుంది. కింద ఉన్నది నిమ్మ జాతి మొక్క. అది వేరు ఇస్తుంది. దాన్ని వేరుమూలం అంటారు. అందరూ పైకొమ్మనే చూస్తారు. చెట్టును మోసేది మాత్రం వేరు.

బత్తాయిని జంబేరి నిమ్మ మీద కడతారు. రంగపూర్ నిమ్మ మీద కూడా కడతారు. జంబేరి మీద కట్టిన మొక్క ఏపుగా పెరుగుతుంది. కానీ వేరు కుళ్లి చెట్టు ఎండిపోయే తెగులు దానికి ఎక్కువ. రంగపూర్ నిమ్మ ఆ తెగులును బాగా తట్టుకుంటుంది. నీటి ఎద్దడిని కూడా ఓర్చుకుంటుంది. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులకు రంగపూర్ నిమ్మ మేలు.

సపోటాకు పాలచెట్టు వేరు మంచిది. మామిడికి నాటు మామిడి టెంక మొక్క వాడతారు.

నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకూడదు. దాని కింద చిగుళ్లు వస్తే వెంటనే గిల్లెయ్యాలి. అవి నిమ్మ చిగుళ్లు. వదిలేస్తే బలమంతా అవే లాగేస్తాయి. బత్తాయి కొమ్మ బక్కచిక్కిపోతుంది. చివరికి పుల్లటి కాయలే మిగులుతాయి.

కొనేటప్పుడు మొహమాటం వద్దు. "ఇది దేని మీద కట్టిన అంటు?" అని అడగండి. చెప్పలేకపోతే ఆ మొక్క కొనకండి.