గాజు సీసా బెట్టాకు ఇల్లు కాదు

ఫైటర్ చేపగా మనకు తెలిసిన బెట్టా 2019 నుంచి థాయిలాండ్ జాతీయ జలచరం. తలలోని ప్రత్యేక అవయవంతో నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి దానికి చిన్న గాజు సీసా చాలునని చాలామంది అనుకుంటారు. ఆ శక్తి ఆక్సిజన్ కొరతను తీరుస్తుందే గాని, విసర్జనలతో నీటిలో పేరుకునే అమ్మోనియాను తొలగించదు. నీళ్లు తక్కువైతే ఆ విషం త్వరగా చిక్కబడి మొప్పలను దెబ్బతీస్తుంది.

వరిమళ్లలో బతికే చేపే కదా అనవచ్చు. మడికి లోతు తక్కువైనా అది విశాలం. మొక్కలు, సూక్ష్మజీవులు ఆ నీటిని శుభ్రపరుస్తాయి. ఇంట్లో ఆ పని మనదే. మూత ఉన్న సుమారు 20 లీటర్ల తొట్టె, నెమ్మదైన ఫిల్టర్, 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం, వారం వారం క్లోరిన్ లేని నీటితో కొంత మార్పిడి కావాలి. ప్రాణంతో ఉండటం వేరు, హాయిగా బతకడం వేరు. ఆ హాయినివ్వడం మన బాధ్యత.