ముందు నాటకం, తర్వాత రైలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను 'ఇంజనీరింగ్ రంగంలో అవకాశాలు' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఆ సంగతులు ఈ పిల్లలకు నాకంటే వాళ్ల చేతుల్లో ఉన్న ఫోన్లే బాగా చెబుతాయి. నేను ముప్పయ్యేళ్లుగా కరెంటు పనిలో ఉన్నాను. ఎన్నో ప్లాన్లు గీశాను, కొన్ని తప్పులు చేశాను, దిద్దుకున్నాను. నేను వేసిన అతి చెడ్డ ప్లాను మాత్రం సబ్‌స్టేషన్‌ది కాదు. హైదరాబాదు పోయి ఒక నాటకం చూసొద్దామని వేసింది. దాని గురించే ఈరోజు చెబుతాను. ఎందుకు చెబుతున్నానంటే చివర్లో మిమ్మల్నొకటి అడగాలి.

మా ఊరు బకింగ్‌హాం కాలువకీ సముద్రానికీ మధ్యన. ఇప్పుడంతా రొయ్యల గుంటలు గానీ, అప్పుడు వరి, సరుగుడు తోటలు. నెల్లూరు పోవడమే మాకు పట్నం పోవడం. నేను ఆరో తరగతిలో ఉండగా మా నాయన నన్ను నెల్లూరు తీసుకుపోయాడు. పురమందిరంలో హరిశ్చంద్ర నాటకం. మధ్యాహ్నం బస్సులో పోయాం. నాటకం రాత్రికి గదా, ఇంత ముందెందుకు నాయనా అంటే, ముందు చోటు చూసుకోవాలన్నాడు. హాలు చూసుకున్నాం. గేటు ముందు పోస్టరు చదువుకున్నాం. చీకటి పడుతుండగా కోమల విలాస్‌కి తీసుకుపోయి అరిటాకు భోజనం పెట్టించాడు. నేను రెండోసారి సాంబారు అడగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎక్కువ తిన్నావంటే కాటిసీనుకి నిద్రపోతావు అబ్బయ్యా" అన్నాడు. కాటిసీను చూశాను. ఒన్స్‌మోర్ అంటూ పద్యాలు మళ్లీ మళ్లీ పాడించుకుంటుంటే నాటకం ఎప్పటికో గానీ అవలేదు. ఆ వేళప్పుడు మా ఊరికి బస్సెక్కడిది? బస్టాండులో తువ్వాలు పరుచుకుని పడుకుని, తెల్లారగట్ల మొదటి బస్సుకి ఊరొచ్చాం. దారి పొడుగునా ఆయన హార్మోనియం వాయించిన మనిషి గురించే చెప్పాడు.

మా నాయన నాలుగో తరగతి చదివాడు. ఆయన వేసింది ఎంత మంచి ప్లానో నాకు తెలియడానికి నలభయ్యేళ్లు పట్టింది.

ఇక మన తెలుగు అయ్యవారు. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు, ఇక్కడే ఉన్నారు. మనలో చాలామంది మొదటిసారి వేదిక ఎక్కింది ఆయన చెయ్యి పట్టుకునే. "ఆత్రేయ ఎక్కడివాడో కాదురా, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. మీరూ ఈ జిల్లా వాళ్లేగా, మీకేం రోగం?" అనేవారు. సినిమా పాటలకు ముందు ఆయన నాటకాలు రాశాడని, 'ఎన్.జి.వో.' అనే నాటకంలో ఒక గుమాస్తా సంసారాన్ని వేదికెక్కించాడని మేము మొదట విన్నది అయ్యవారి నోటే. 1899లోనే వేదం వేంకటరాయశాస్త్రిగారు నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించారని కూడా ఆయనే చెప్పారు. నా గొంతు బాగుండదని నాకు తెర తాడు అప్పగించారు. ఒక వార్షికోత్సవంలో తాడు గిలకలో ఇరుక్కుని తెర సగంలో ఆగిపోయింది. చనిపోయిన రాజు లేచి, నడిచి లోపలికి పోవాల్సి వచ్చింది. ఆ రాజు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు చూడండి, ఇప్పుడు డాక్టరు.

కరోనాకి ముందు సంవత్సరం మా బ్యాచి వాళ్లం అయిదుగురం అయ్యవారింటికి పోయాం. మాటల్లో ఆయన, చిన్నప్పుడు సురభి వాళ్ల డేరాలో 'మాయాబజార్' చూశానని, మళ్లీ ఒక్కసారి చూడాలని ఉందని అన్నారు. సురభి సంగతి పిల్లలకు తెలియకపోవచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం వాళ్లు కీచకవధ ఆడారు. అక్కడ మొదలైంది. ఆ తర్వాత కుటుంబం కుటుంబమంతా నాటకమే బతుకుగా, సామాన్లు బండ్ల కెత్తుకుని ఊరూరా తిరిగారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో వాళ్లింటి ఆడవాళ్లు వేదికెక్కారు. అదే వంశాలవాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు.

రవీంద్రభారతిలో వాళ్ల మాయాబజార్ ఉందని తెలిసింది. ప్లాను నేను వేస్తానన్నాను. ఎక్సెల్ షీటులో వేశాను. రంగులు కూడా అద్దాను. సాయంత్రం నెల్లూరులో సింహపురి ఎక్కడం, తెల్లారేసరికి సికింద్రాబాదు. హోటల్లో స్నానాలు, చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యాహ్నం పేరున్నచోట బిర్యానీ, బిర్లామందిరం, ఆరున్నరకు నాటకం, ఎనిమిదిన్నరకు అయిపోతుంది, రాత్రి మళ్లీ అదే సింహపురిలో వెనక్కి. గది అద్దె ఒక్క పూటకే. ఎంత ఆదా చేశానో కింద కూడిక వేసి మరీ చూపించాను.

ఎనభై దాటిన మనిషిని పగలంతా ఎండలో తిప్పాం. బిర్యానీ దగ్గర గంటసేపు నిలబెట్టాం. ఆయన రెండు ముద్దలు తిని చాలన్నారు. సాయంత్రం టిఫిను సంగతి నా షీటులో అసలు లేనేలేదు. చక్కెర జబ్బున్న మనిషి కండక్టరుగారి జేబులో, అంటే మా బ్యాచి వాడి జేబులో, దొరికిన బిస్కెట్లతో నాటకానికొచ్చి కూర్చున్నారు. మన తెలుగు సభల్లో ఆరున్నర అంటే ఏమిటో నేను ఆలోచించి ఉండాల్సింది. దీపం వెలిగించాలి, నలుగురు మాట్లాడాలి, శాలువాలు కప్పాలి. తెర లేచేటప్పటికి ఏడున్నర దాటింది.

తెర లేచాక మాత్రం అయ్యవారి మొహం చూడాలి. రంగుల తెరలు ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి. అంతఃపురం పోయి అడవి వచ్చింది. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుని నిప్పులు రాలాయి. ఘటోత్కచుడు రాగానే ఆయన కుర్చీ అంచుకి జరిగారు. సరిగ్గా అప్పుడు నేను వాచీ చూసుకున్నాను. తొమ్మిది కావస్తోంది. సికింద్రాబాదు స్టేషనుకు పోవాలి, రోడ్డు మీద ట్రాఫిక్కు. నేను లేచి, వంగి, ఆయన చెయ్యి పట్టుకుని, "అయ్యవారూ, రైలు" అన్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు. నా వెనకే లేచి, వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ తొక్కుకుంటూ బయటికొచ్చారు. తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశారు.

రైల్లో అందరం పడుకున్నాక, "ఆఖర్న ఏమైందో?" అన్నారు. ఆయన ఆ కథని మాకు పాఠంగా ఎన్నిసార్లు చెప్పారో. నేను నవ్వబోయాను. "కథ నాకు తెలుసులే అబ్బయ్యా. వాళ్లెట్లా చేశారో చూళ్లేదు గదా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. షీటు కింద వేసిన కూడిక గుర్తొస్తూ ఉండింది.

తర్వాతేడాది కరోనా. రెండేళ్లు ఎవరూ ఎక్కడికీ కదల్లేదు. అయ్యవారికి ఏదైనా అవుతుందేమోనని నేను పడ్డ భయం మా ఇంట్లో వాళ్లకే తెలుసు. రోజులు బాగుపడ్డాక మళ్లీ పోయాం. ఈసారి షీటు లేదు. ఒక కాగితం మధ్యలో 'నాటకం' అని రాసి చుట్టూ గీత గీశాను. మిగతావన్నీ ఆ గీత మీదికి రావాలి గానీ లోపలికి రాకూడదని పెట్టుకున్నాను. రెండు రాత్రులకి గది తీసుకున్నాం, అదీ లక్డీకాపూల్లో. రవీంద్రభారతికి అక్కడినించి నడిచిపోవచ్చు, ఆటో ఎక్కినా అయిదు నిమిషాలు. సికింద్రాబాదులో దిగి ఎంఎంటిఎస్‌లో లక్డీకాపూల్ దాకా పోవచ్చు. సామాన్లు తక్కువుంటే ఇంతకంటే సుఖం లేదు. చార్మినారు పేరెత్తలేదు. మధ్యాహ్నం పెరుగన్నం తిని అందరూ పడుకోవాల్సిందేనన్నాం. మా వాళ్లలో ఒకడు బిర్యానీ అంటూ గొణిగాడు.

అసలు కీలకం సాయంత్రం అయిదు గంటల టిఫిను. నాటకానికి ముందు ఇడ్లీయో ఉప్మానో, కాఫీ. నూనె వస్తువులు వద్దు. భోజనం తర్వాత. కానీ ఆ తర్వాత తినేచోటు ఎంతసేపు తెరిచుంటుందో పగలే పోయి కనుక్కోవాలి. మేం అడిగిపెట్టుకున్నాం. నాటకం ఆలస్యమైతే ఎట్లా అని నేనడిగితే, "నాటకం వాళ్లా సార్, రండి, ఉంటాం" అన్నాడు హోటలాయన. సీట్లు ముందువైపు నడవ పక్కన తీసుకున్నాం, మోకాళ్లు చాపుకోవడానికి, మధ్యలో బాత్రూముకి లేవడానికి. యాభై దాటినవాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఈసారి శశిరేఖ పెళ్లి దాకా చూశాం. మాయ అంతా బయటపడే దాకా, చివరి తెర పడేదాకా చూశాం. అయిపోయాక నేను ఉండబట్టలేక వేదిక పక్కకి పోయి తొంగి చూశాను. తాళ్లు, గిలకలు, వైర్లు, చేత్తో లాగే మనుషులు. మనిషి గాల్లోకి లేచాడంటే పక్కన ఇంకొకరెవరో సరైన క్షణంలో తాడు లాగాలి, అంతే. మోటారు పెట్టొచ్చుగా అని నాకు నోటిదాకా వచ్చింది. ఒక కుర్రాడు తాడు చుడుతూ, పాట ఎంత సాగితే అంత నిదానంగా లాగాలి సార్ అన్నాడు. మోటారు సంగతి నేనెత్తలేదు. అయ్యవారు నా వెనక నిలబడి, "గిలక చూశావా? ఇరుక్కోలేదు" అన్నారు.

భోజనానికి కూర్చునేటప్పటికి పది దాటింది. ఆ గంటన్నర నాకు నాటకం కంటే తక్కువేం కాదు. పప్పు వడ్డిస్తుంటే అయ్యవారు ఘటోత్కచుడి నడక గురించి, కొడుకు వేషమూ తండ్రి వేషమూ నిజంగా ఒకే ఇంటివాళ్లు వేస్తే వచ్చే అందం గురించి చెబుతున్నారు. మా డాక్టరు రాజు, తను చచ్చి లేచి నడిచిన రాత్రి సంగతి ఎత్తాడు. చూసిన నాటకాన్ని వెంటనే కూర్చుని మాట్లాడుకోకపోతే తెల్లారేసరికి సగం పోతుంది. అందుకే తినేచోటు హాలు పక్కనే ఉండాలంటాను. ఆటోలు వెతుక్కుంటూ నాలుగు దిక్కులా చెదిరిపోతే ఆ మాటలు ఉండవు. మర్నాడు పొద్దున నీలోఫర్ కేఫ్‌లో ఇరానీ చాయి, ఉస్మానియా బిస్కెట్లతో మళ్లీ అదే గొడవ. అయ్యవారు బిస్కెట్టు సగమే తిన్నారు, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఎవరికో అడగలేదు.

మద్రాసు వాళ్లు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు. మార్గశిరంలో సభలకు పోయినవాళ్లకు తెలుసు, కచేరీ ఎంతో క్యాంటీనూ అంతే. మా అబ్బాయి లండన్‌లో ఉన్నప్పుడు నేనూ మా ఆవిడా వెస్ట్ ఎండ్‌లో ఒక నాటకం చూశాం. అక్కడ హాళ్ల చుట్టుపక్కల హోటళ్లు నాటకానికి ముందు తినేవాళ్లకోసం వేరే మెనూ పెడతాయి, తెర లేచే టైముకి బయటపడేట్టు. విరామంలో కావాల్సిన డ్రింకు ముందే డబ్బు కట్టి చెబితే, మన పేరుతో బల్ల మీద తయారుగా ఉంటుంది. నాకు మాత్రం అక్కడ కోమల విలాసే గుర్తొచ్చింది.

ఇప్పుడు నేను అడగాల్సింది. స్వర్ణోత్సవం గుర్తుగా బడికి ఆర్చి కట్టిద్దామని సంఘం అనుకుంటోంది. గ్రానైటు పలకమీద దాతల పేర్లు. నా పేరూ ఉంటుంది, కాదనను. కానీ నిన్న నేను తొమ్మిదో తరగతిలోకి పోయి, ఎంతమంది వేదిక మీద నాటకం చూశారని అడిగాను. ముప్పయ్యారుమందిలో ఇద్దరు చేతులెత్తారు. అందులో ఒకమ్మాయి చూసింది తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సు. మన కాలంలో తెర కట్టిన వేదిక మీద ఇప్పుడు విరిగిన బెంచీలున్నాయి.

ఆర్చి కొంచెం పొట్టిగా కట్టినా మన వాహనాలు పడతాయి. ఆ మిగిలే డబ్బుతో ఏడాదికోసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని నాటకానికి తీసుకుపోదాం. మొదటి ఏడు దూరం వద్దు. నెల్లూరులో మంచి నాటకం పడ్డప్పుడు పురమందిరానికి, ముందు కోమల విలాస్‌లో భోజనం, రెండోసారి సాంబారు అడిగితే ఆపడానికి నేనుంటాను. రెండో ఏడు హైదరాబాదు, రెండు రాత్రులు. పిల్లలతో పోయే అయ్యవార్లకీ అమ్మలకీ కూడా మనమే పెట్టుకోవాలి. గ్రానైటు వాళ్లు కోపం చేసుకుంటే నేను సర్దిచెబుతాను. దీనికి ఒప్పుకోనివాళ్లు ఇప్పుడే లేచి చెప్పండి, తర్వాత ఫోన్లో చెప్పొద్దు.

పేర్లు రాసుకోవడానికి పుస్తకం భోజనాల షెడ్డు దగ్గర బల్ల మీద పెట్టాం. తోడుగా రాగలిగిన పెద్దవాళ్లు పేరు, వయసు, కింది బెర్తు కావాలో లేదో రాయండి. మొదటి పేరు అయ్యవారు పొద్దున్నే రాసేశారు. బెర్తు దగ్గర ఏదైనా ఫరవాలేదు అని రాశారు, దాన్ని నేను కొట్టేసి కిందిది అని దిద్దాను. తిరుగు రైలు మర్నాడే.