చూపు గాయపరచిన చోట స్పర్శ

మనిషి తన దేహాన్ని గురించి మనసులో నిలుపుకున్న చిత్రాన్ని, దానితో ముడిపడిన గౌరవాన్నో సిగ్గునో కలిపి దేహభావన అంటారు. 1935లో ఈ విషయంపై గ్రంథం వెలువరించిన వైద్యుడు పాల్ షిల్డర్, ఆ చిత్రం ఇతరుల చూపులతో కూడా రూపుదిద్దుకుంటుందని వివరించాడు. చామనఛాయ పిల్లకు పెళ్ళిచూపుల్లో ఎదురయ్యే మౌనం, లావుగా ఉన్న కుర్రవాడికి తరగతిలో అంటిన మారుపేరు ఆ చిత్రంలోకే చేరతాయి. నేడు కళాశాలల్లో పట్టాలు అందుకుంటున్న యువతలో ఈ బాధ తెలియనివారు తక్కువ.

ఈ గాయం అత్యంత లోతుగా తగిలినవారు తెలుగు నేలపై కుష్ఠు రోగులు. ఈ వ్యాధి నరాలను దెబ్బతీయడంతో వేళ్ళు వంకరపోతాయి; చర్మంలోకి, ముక్కులోకి పాకడంతో కనుబొమలు రాలతాయి, ముక్కుదూలం కుంగుతుంది. వ్యాధి తగ్గినా ఆ గుర్తులు మిగులుతాయి కనుక ఊరు వారిని తిరిగి చేర్చుకునేది కాదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, మెథడిస్టు మిషనరీ అయిన భర్త జార్జి కెర్‌తో కలిసి నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915 ప్రాంతంలో వీరికోసం ఆసుపత్రిని నెలకొల్పింది. దానికి ధనమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. బైబిల్లోని లేవీయకాండం చర్మరోగిని పాళెం వెలుపల ఉండమని శాసించిన మాట నిజమే, కానీ మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠు రోగిని చేయి చాపి తాకుతాడు. మాటతోనే స్వస్థపరచగలవాడు తాకడమెందుకన్న ప్రశ్నకు డిచ్‌పల్లి వంటి చోట్లే సరైన జవాబు దొరుకుతుంది: రోగి కోల్పోయినది ఆరోగ్యం ఒక్కటే కాదు, సాటి మనిషి స్పర్శ కూడా. రోగాన్ని పాపఫలంగా చూసే బోధ క్రైస్తవుల్లోనూ లేకపోలేదు. అది ఆ సువార్తకే విరుద్ధం.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, వేళ్ళు అరిగిపోవడానికి కారణం మాంసం కుళ్ళడం కాదని, నొప్పి తెలియక పదేపదే గాయాలు కావడమని నిరూపించి, స్నాయువులను మార్చి అమర్చి వంకరపోయిన చేతులను తెరిపించడమే గాక, తల చర్మంతో కనుబొమలను సైతం తిరిగి నిలిపాడు. కనుబొమ లేకపోయినా పని ఆగదు. అయినా అది లేని ముఖాన్ని లోకం వెంటనే గుర్తుపట్టి దూరం జరుగుతుంది కనుక ఆ శస్త్రచికిత్సను కేవలం అలంకరణ అనడం తప్పు. అక్కడే వైద్యురాలైన మేరీ వర్గీస్, 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి, ముఖానికి గాయాల మచ్చలు మిగిలినా, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆమె విశ్వాసం ఆమె మచ్చలను చెరపలేదు, వాటితోనే పనిచేసే ధైర్యాన్నిచ్చింది. సహచరులు ఆ పనికి చోటిచ్చారు.

చూపు చేసే ఈ గాయం నేటి యువతకూ తగులుతుంది. నేడు పట్టాలు అందుకుంటున్నవారిలో కొందరు రేపు ఫోను కెమెరాలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. వాడేవారు కోరకుండానే చర్మాన్ని తెల్లబరిచే అమరికను ముందే ఉంచాలా, వద్దా అన్న నిర్ణయం వారి బల్లల దగ్గరే జరుగుతుంది. హాస్టల్‌లో సన్నబడాలని భోజనం మానేస్తున్న స్నేహితురాలికి, రూపంపై శ్రద్ధ అహంకారమని చెప్పే ప్రార్థన కూడిక మేలు చేయదు. ఆమె పక్కన కంచం పెట్టుకుని కూర్చునేవారు, అవసరమైతే వైద్యుని దగ్గరకు తోడు వెళ్ళేవారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఆమెతో కలిసి ఫోను చేసేవారు ఆ కూడికలో ఉండాలి.