పాత వాద్యము – న్యాయమైన వెల
(సమాజ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



కొత్త వస్తువునకు వెల కట్టుటకంటె పాత వస్తువునకు వెల కట్టుట కష్టము. కొత్త వస్తువు మీద దుకాణదారు చీటి అంటించును. కొనువాడు ఆ వెల ఇచ్చును, లేదా మరలిపోవును. పాత వస్తువునకు అట్టి చీటి లేదు. అమ్మువాని అవసరము, కొనువాని ఆశ, ఇరువురి తెలివి, ఇరువురి తెలియమి కలిసి దాని వెలను తేల్చును. న్యాయమను ప్రశ్న పుట్టునది అక్కడనే. అట్టి వస్తువులలో ఒకటియైన పాత బేస్ గిటారును గూర్చియే ఈ ప్రసంగము. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని ధర్మము పెద్ద బేరములలోకంటె చిన్న బేరములలోనే తరచుగా పరీక్షకు వచ్చును.

జంషెడ్‌పూరు తెలుగువారికి ఈ విషయము దూరమైనది కాదు. 1907లో టాటావారి ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1912లో సాక్చి గ్రామమున తొలి ఉక్కు తయారైనది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేర జంషెడ్‌పూరు అను నామము కలిగినది. ఆనాటి గంజాము, విశాఖపట్టణ మండలములనుండి పని వెదకికొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు బిష్టుపూరులోను, కద్మాలోను, సోనారిలోను స్థిరపడినవి. తాతల తరమున ఆ ఇండ్లలో హార్మోనియము, మృదంగము, భజన తాళములు వినబడెడివి. మనుమల తరమునకు గిటారు ప్రవేశించినది. ఆ మనుమలలో అనేకులు ఉద్యోగములకై బెంగుళూరునకు, హైదరాబాదునకు తరలిపోవుచున్నారు. తండ్రి పదవీ విరమణ చేసి కంపెనీ క్వార్టరును ఖాళీ చేయు సమయమున, కుమారుడు విడిచి వెళ్ళిన వాద్యమును ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చును. అమ్మవలసినవాడు దానిని ఎన్నడును వాయింపనివాడు. కొనవచ్చినవాడు దానిని బాగుగా ఎరిగినవాడు.

బేస్ గిటారు అనగా నేమి? సాధారణ గిటారునకు ఆరు తీగలుండును. బేస్ గిటారునకు మామూలుగా నాలుగే. అవి లావైనవి, పొడవైనవి, ఒక స్థాయి క్రిందుగా పలుకునవి. వానిలో మిక్కిలి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 పర్యాయములు కంపించును. పూర్వము ఈ మంద్రస్వరమునకు మనిషి ఎత్తున నిలువబెట్టి వాయించు పెద్ద డబుల్ బేస్ అవసరమయ్యెడిది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ విపణికి తెచ్చిన ప్రెసిషన్ బేస్ ఆ పనిని భుజమున తగిలించుకొనగల వాద్యమునకు అప్పగించినది. ఈ వాద్యము పేరు తెలియని తెలుగువారికి సహితము దాని నాదము తెలియును. 1989లో వెలువడిన గీతాంజలి చిత్రమునకు సంగీతము కూర్చిన ఇళయరాజా తన పాటలలో బేస్ గిటారునకు ఇచ్చిన స్థానము సుప్రసిద్ధము. ఇంటి పునాదివలె అది కంటికి కనబడదు; తొలగించిన తక్షణమే లోటు తెలియును.

ఇట్టి వాద్యమును కొనబోవువాడు మొదట చేయరాని పని యొకటి కలదు. వస్తువును చూడకముందే అంకె పలుకరాదు. నీళ్ళలోని గేదెను బేరమాడినట్లు అను సామెత మనవారిలో ఊరక పుట్టలేదు. సంతలో పశువును కొను రైతు పళ్ళు చూచును, నడిపించి చూచును, అటుపిమ్మటనే నోరు విప్పును. వాద్యము విషయమునను అంతే.

బేస్ గిటారులో మొట్టమొదట పరీక్షింపవలసినది మెడ. వీణకు దండి యెట్టిదో దీనికి మెడ అట్టిది. నాలుగు తీగలు కలిసి ఆ కొయ్యను సుమారు 70, 80 కిలోల బరువుతో సమానమైన బలముతో రేయింబవళ్ళు లాగుచుండును. ఆ లాగుడునకు ఎదురు నిలుచుటకై మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ యుండును. కొయ్యకు ఉక్కు తోడుపడుట ఈ ఊరివారికి వేరుగా వివరింపనక్కరలేదు. వానకాలపు తేమకు, వేసవి ఎండకు కొయ్య కదలును. తీగను మొదటి మెట్టు వద్దను, మెడ దేహముతో కలియు చోటను ఒకేసారి నొక్కిపట్టి, నడుమ ఏడవ, ఎనిమిదవ మెట్ల వద్ద చూడవలెను. తీగకు మెట్టుకు మధ్య పలుచని అట్టముక్క దూరునంత సందు ఉన్నచో మెడ బాగున్నట్లే. సందు మిక్కిలి హెచ్చినను, బొత్తిగా లేకున్నను కడ్డీని కొలది కొలదిగా త్రిప్పి సరిచేయవచ్చును. మెడ మెలి తిరిగియున్నను, కడ్డీ మర తిరుగక బిగిసిపోయియున్నను ఆ వాద్యము జోలికి పోకుండుటయే మేలు.

పిదప ప్రతి తీగను ప్రతి మెట్టు మీద వాయించి చూడవలెను; అరిగిన మెట్టు దగ్గర తీగ జీరపోవును. పండ్రెండవ మెట్టు పైన తీగను మృదువుగా తాకి మీటిన స్వరమును, అదే మెట్టుపై నొక్కి మీటిన స్వరమును పోల్చవలెను. రెండును ఒకటిగా పలికినచో శ్రుతి నిలుచును. ఆంప్లిఫయరునకు తగిలించి మీటలు త్రిప్పినపుడు గరగర వినబడినచో లోపలి భాగములు మురికి పట్టియైనను, అరిగియైనను యుండును. బిరడాలు జారుచున్నవా, తీగలు తుప్పు పట్టినవా అని చూడవలెను. కొన్ననాటి రసీదు కలదేమో అడుగుటలో తప్పు లేదు. వస్తువు ఎవరిదో తెలిసికొనుట సైతము పరీక్షలో భాగమే.

ఇట్లు తేలిన లోపములు మూడు విధములు. మరచుట్టుతో సరిచేయగలవి మొదటివి. వానికై వెల తగ్గింపుమనుట పేరాస. ధనము వెచ్చించి బాగుచేయింపవలసినవి రెండవవి. ఆ ఖర్చు ఎంతయో అంతయే తగ్గింపదగును. బాగుకానివి మూడవవి, అట్టి వాద్యమును చవుకగా వచ్చినను కొనరాదు. బేరములలో పుట్టు కలహములు పెక్కు ఈ మూడింటిని ఒకటిగా కలిపివేయుటవలన పుట్టినవే.

అమ్మువాడు చెప్పిన అంకెకును, కొనువాడు అడిగిన అంకెకును నడుమ సగము తీసికొనుటయే న్యాయమని కొందరి అభిప్రాయము. ఆ రెండంకెలును గాలిలోనుండి పుట్టినవైనచో వాని సగము మాత్రము నేల మీద నిలుచునా? న్యాయమైన వెలకు ఆధారము వస్తువులోనే యుండవలెను.

ఒక సందర్భమును ఊహింపవచ్చును. కద్మాలో ఒక విశ్రాంత ఉద్యోగి ఇల్లు ఖాళీ చేయుచున్నాడు. కుమారుడు విడిచిన బేస్ గిటారు బీరువా ప్రక్కన నిలిచియున్నది. ఆ పేటలోనే యుండి, చిన్న ఉద్యోగము చేయుచు, స్నేహితుల వాద్యబృందములో చేరగోరు ఒక తెలుగు యువకుడు దానిని చూడవచ్చినాడు. అతని జేబులో 8,000 రూపాయలు కలవు. అట్టి వాద్యమే కొత్తది కలకత్తా లాల్‌బజారు ప్రాంతపు దుకాణములలో 24,000 రూపాయలని విచారించి వచ్చినాడు. బాగుగా నున్న పాతదానికి అందులో సగముకంటె కొంత హెచ్చుగా, 14,000 రూపాయలు తగునని అతని అంచనా. తీగలు మార్చుటకు 1,800, మెట్లు చదును చేయించుటకు 2,200, గరగరలాడు మీటకు 500, మొత్తము 4,500. అవి పోగా 9,500 రూపాయలు. అతడు నోరు తెరవకముందే పెద్దాయన అన్నాడు: “దీని సంగతి నాకేం తెలుసు బాబూ! ఊరికే పడి ఉంది. ఆరు వేలిచ్చి తీసుకుపో.”

ఇచట చట్టము ఏమనును? 1872నాటి భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, స్వేచ్ఛగా సమ్మతించినపుడు వెల చాలదను కారణము మాత్రముననే ఒప్పందము చెల్లకపోదు. మాటాడవలసిన బాధ్యత లేనిచోట మౌనము మాత్రమే మోసము కాదు. వెలను గూర్చి ఒప్పందము లేనపుడు సమంజసమైన వెల ఇయ్యవలెనని 1930నాటి వస్తు విక్రయ చట్టము చెప్పును. ఏది సమంజసమో ఆయా సందర్భములనుబట్టి తేల్చవలెనని కూడ చెప్పును. కాని ఇచట అమ్మువాడే వెల చెప్పియున్నాడు. యువకుడు 6,000 లెక్కించి ఇచ్చి వాద్యము తీసికొని పోయినచో ఏ న్యాయస్థానమును అతనిని తప్పు పట్టదు.

చట్టము ఊరకున్న ఆ చోటనే మనుష్యుని మర్యాద మాటాడవలెను. ఆ యువకుడు కొంచెము తటపటాయించినాడు. జేబులోని సొమ్ములో 2,000 మిగులును. దానితో తీగలు వచ్చును. అయినను అతడన్నాడు: “బాబాయిగారూ, ఇది ఆరు వేల వస్తువు కాదండి. బాగుచేయించే ఖర్చు తీసేసినా తొమ్మిదిన్నర వేలు చేస్తుంది. నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి. మిగతాది జీతం రాగానే తెచ్చి ఇస్తాను.” లెక్క వ్రాసిన కాగితము చూపినాడు. పెద్దాయన ఆ కాగితమును నిదానముగా చదివినాడు. పిదప లోనికి పోయి వాద్యపు సంచిని, తీగ త్రాటిని, భుజపు పట్టీని తెచ్చి ముందుంచినాడు. “ఎనిమిది చాలు నాయనా. ఆ పదిహేను వందలు నేను వదిలేస్తున్నాను. మా వాడు వాయించినట్టే వాయించు,” అన్నాడు.

6,000కు అమ్మియున్నచో పెద్దాయన 3,500 రూపాయలు పోగొట్టుకొనియుండెడివాడు. 8,000కు అమ్మి 1,500 రూపాయలు ఇచ్చినవాడైనాడు. తెలియక పోయినది నష్టము. తెలిసి విడిచినది దానము. రెండింటికిని భేదము రూపాయలలో లేదు, తెలివిలో నున్నది. ఆ తెలివిని పెద్దాయనకు అందించినవాడు కొనవచ్చిన యువకుడే.

కావున కొనువాడు చవుకగా కొనరాదని ఇందలి తాత్పర్యము కాదు. అతడు లోపములను వెదకవచ్చును, ఖర్చు తగ్గింపుమని అడుగవచ్చును, తన జేబు చిన్నదని చెప్పవచ్చును. అమ్మువాడు తన అవసరము చూచుకొనవచ్చును. కాని ఇరువురి ముందును ఒకే లెక్క ఉండవలెను. రేపు అసలు సంగతి తెలిసినపుడు ఏ ఒక్కరును రెండవవానిని చూచి తల వంచుకొననక్కరలేని వెలయే న్యాయమైన వెల. మూడు తరములుగా ఒకే వీధిలో, ఒకే మందిరములో, ఒకే సభలో కలిసికొనుచున్న తెలుగువారికి ఈ మాట మరింత వర్తించును. శ్రీరామనవమి పందిరిలో ఆ పెద్దాయన, ఆ యువకుడు మరల ఎదురుపడుదురు. ఆనాడు బేరము ప్రసక్తి రాదు. వాద్యము ఎట్లు పలుకుచున్నదను కుశలప్రశ్న మాత్రమే వచ్చును.