బండి పేరు చెబితే చాలదు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, డి.ఆర్. బకాయిల సంగతులు ప్రతి నెలా వింటూనే ఉన్నాం, ఈసారి మీకు తెలిసిన పని గురించి చెప్పండి అన్నారు కార్యదర్శిగారు. నాకు తెలిసింది స్టోర్సు పని. సర్వీసంతా బిన్ కార్డులు, ఇండెంట్లు, విడిభాగాల నంబర్లతోనే గడిచింది. అందుకని మోటారు సైకిలుకు కావలసిన భాగాన్ని గుర్తుపట్టడం, సరిగ్గా తెప్పించుకోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన సభ్యులొకరి అబ్బాయికి ములుగు, తాడ్వాయి వైపు ఉద్యోగం. వాగులు, రాళ్ళ దారులు కనుక ఎక్స్‌పల్స్ బండి కొన్నాడు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. ఎత్తుగా ఉండి గుంటల్లో ఒళ్ళు కుదపని బండి. ముందు బ్రేకు ప్యాడ్లు అరిగితే ఒక షాపులో అడిగాడు. కౌంటరు మీది కుర్రవాడు పాతదాని పక్కన ఇంకోటి పెట్టి, "గిదే వస్తది సార్, ఏం గాదు" అన్నాడు. వెనక రేకు ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టి. క్యాలిపర్‌లో కదులుతూనే కొన్ని రోజులు నడిచింది. ఒక దిగుడులో లివరు పట్టేసరికి ప్యాడు పక్కకు వాలి బ్రేకు పడలేదు. ముంజేయి విరిగింది. అంతటితో పోయిందని ఆ తల్లిదండ్రులు దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆ ప్యాడ్లను నేను చేతిలో పట్టుకుని చూశాను. ఊరికే చూస్తే నాకూ తేడా తెలియలేదు, స్కేలు పెడితేనే తెలిసింది.

కనుక మొదటి సంగతి, బండి పేరు చెబితే చాలదు. ఆ ఎక్స్‌పల్సే తీసుకోండి. 2019 మే నెలలో వచ్చినప్పుడు కార్బురేటరుది ఒకటి, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది ఒకటి. 2020లో బి.ఎస్.6 నిబంధనలతో ఆయిల్ కూలరు చేరింది. 2021 అక్టోబరులో నాలుగు వాల్వుల ఇంజను వచ్చింది. అన్నిటి మీదా రాసి ఉన్న పేరు ఒకటే. రెండు వాల్వుల బండికి నాలుగు వాల్వుల హెడ్ గ్యాస్కెట్ తెచ్చుకుని ఏం చేస్తాం?

పాత బండ్లతో ఇంకో చిక్కు. మనలో కొందరింట్లో ఎజ్డీ ఇంకా ఉంది, నాకు తెలుసు. ఆ రోజుల్లో ఫీల్డు స్టాఫు అడవి దారిలో వెళ్ళాలంటే ఎజ్డీయో, రాజదూతో, బుల్లెట్టో ఉండాల్సిందే. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతపడింది. 2022లో ఎజ్డీ పేరు మళ్ళీ వచ్చింది కానీ అది 334 సి.సి. ఫోర్ స్ట్రోకు, నీళ్ళతో చల్లబడే ఇంజను. మనది 250 సి.సి. టూ స్ట్రోకు, బోరు 65, స్ట్రోకు 75 మిల్లీమీటర్లు, కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే! మనవడు ఫోనులో "ఎజ్డీ స్పేర్లు" అని వెతికి కొత్తదాని సామాను తెప్పిస్తే తప్పు వాడిది కాదు, పేరుది.

మరి ఏం చెప్పాలి? చాసిస్ నంబరు, ఇంజను నంబరు. ఆర్.సి. చూసి రాయవద్దు, బండి మీదే చదవండి. ఫ్రేము తల దగ్గర, ఇంజను పెట్టె మీద గుడ్డతో తుడిచి చూడాలి. ఈ మధ్య బండ్లకు చాసిస్ నంబరు 17 అక్షరాలు, తయారైన నెల, సంవత్సరం అందులోనే సంకేతాలుగా ఉంటాయి. దాన్నిబట్టి డీలరు కేటలాగులో బొమ్మ తీస్తాడు. భాగాలన్నీ విడదీసి గీసిన బొమ్మ అది. బొమ్మలో వరుస నంబరు, పక్క పట్టికలో అసలు పార్టు నంబరు. వరుస నంబరు చూసి ఆర్డరు ఇచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. పాత నంబరు రద్దయి కొత్తది వచ్చి ఉండవచ్చు, అదీ అడగాలి. ఎడమ, కుడి అంటే బండి మీద కూర్చున్నవాడి ఎడమ, కుడి. ఎదురుగా నిలబడి చెప్పకూడదు.

కేటలాగు దొరకని బండికి కూడా దారి ఉంది. బేరింగుకు బండితో పనిలేదు, దాని మీద నంబరే దాని ఊరూ పేరూ. 6204 అంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, 6205 అంటే 25. చివరి రెండంకెలను అయిదుతో హెచ్చవేయండి. 04 నుంచి పైకి ఈ లెక్క, 03 మాత్రం 17. వెనక సి3 అని ఉంటే దాన్ని వదలవద్దు. లోపల సందు కొంచెం ఎక్కువని అర్థం. వేడెక్కే క్రాంకు దగ్గర అది లేనిది వేస్తే బిగుసుకుపోవచ్చు. ఆయిల్ సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. చైను 428 అయితే లింకు లింకుకూ అర అంగుళం, 520 అయితే అంగుళంలో అయిదు ఎనిమిదో వంతులు. స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టి రాసుకోండి, అరిగిన పళ్ళనూ లెక్కలో వేసి. పిస్టన్ మీద 0.25, 0.50 అని ఉంటే సిలిండరు అప్పటికే బోరు చేయించారన్నమాట. అది చెప్పకుండా రింగులు అడిగితే స్టాండర్డువి ఇస్తారు.

తెప్పించుకునేటప్పుడు పాతభాగాన్ని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపండి. ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనో దొరకవచ్చు. సెట్టా, విడిగానా అని రాయించుకోండి. ప్యాకెట్ మీద పార్టు నంబరు, ధర, నెల ఉన్నాయో లేదో చూడండి. కొత్తది బిగించి నడిపి చూసేదాకా పాతదాన్ని పారేయవద్దు. ఇంట్లోవాళ్ళు తుప్పు సామాను అని విసుక్కున్నా సరే.

పాత ఇంజను దొరికింది కదా అని మొత్తంగా మార్చేవారికి ఒక మాట. ఆ నంబరు ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. 15 ఏళ్ళు నిండి రిజిస్ట్రేషన్ మళ్ళీ అయిదేళ్ళకు పొడిగించుకోవడానికి వెళ్ళినప్పుడు అధికారి చూసేది ఆ రెండు నంబర్లే. అవి కలవకపోతే బండి ఎంత బాగా నడిచినా కాగితం రాదు.

ఎజ్డీల మీద వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నట్టున్నారు. టీ తాగాక బయటికి రండి, ఒక గుడ్డముక్క తెచ్చుకోండి, నంబర్లు తుడిచి రాసుకుందాం.