ఇల్లు లేనివాళ్ల లెక్క మనమే తీద్దాం
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ధర గురించి, కరెంటు గురించి, కాంటా దగ్గర తీసే తరుగు గురించి ఇప్పటిదాకా వక్తలు మాట్లాడారు. మేము ఇంటి గురించి మాట్లాడతాం. ఇల్లు వేరే సమస్య, వ్యవసాయం వేరే సమస్య అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పత్తి ఏరి తెచ్చి పోసేది ఇంట్లోనే. యూరియా బస్తాలు పెట్టేది ఇంట్లోనే. పురుగు మందు డబ్బా, స్ప్రే పంపు, పిల్లల పుస్తకాలు, బియ్యం డబ్బా అన్నీ ఒకే గదిలో ఉండే ఇళ్లు మన ప్రతి ఊళ్లో ఉన్నాయి. పెట్టుకోవడానికి జాగ లేకనే పత్తి తడవకముందే, ధర రాకముందే ఊళ్లోకి వచ్చిన దళారికి అమ్ముకుంటున్నాం. ఇల్లు చాలక పోయే నష్టం పంట ధరలోనే పోతుంది.

మరి ఇల్లు ఎవరికి అవసరమో సర్కారు ఎట్లా లెక్కిస్తుంది? ఇది చూడండి.

2016లో ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. ఎవరికి ఇల్లు ఇవ్వకూడదో అందులో ఒక జాబితా ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50 వేలు, ఆపైన ఉంటే ఇల్లు రాదు. 2024లో నిబంధనలు సడలించారు. బండి ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా పర్వాలేదన్నారు. మంచిదే. కానీ కిసాన్ కార్డు నిబంధన మాత్రం అట్లాగే ఉంచారు. అన్నలారా, కిసాన్ కార్డు అంటే ఏమిటి? అది మన అప్పు. రెండెకరాల వరి పెట్టే రైతుకు కూడా పంట రుణం పరిమితి 50 వేలు దాటుతుంది. అప్పును ఆస్తి కింద రాసి, నువ్వు ఉన్నోడివి పో అంటున్నారు. అదే రైతు బ్యాంకుకు పోకుండా షావుకారు దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏ జాబితాలోనూ కనపడడు.

భూమి లెక్క కూడా అట్లాగే ఉంది. రెండున్నర ఎకరాల తరి ఉన్నా, ఐదెకరాల మెట్ట ఉన్నా పేరు కొట్టేస్తారు. ఐదెకరాల చెలక మీద వాన పడకపోతే ఏం పండుతుందో ఇక్కడ కూర్చున్నవాళ్లకు చెప్పనక్కర లేదు.

ఇంకొక లెక్క రేకుల ఇంటిది. జనాభా లెక్కల్లో సిమెంటు రేకుల కప్పును పక్కా కప్పుగానే రాస్తారు. ఇటుక గోడ మీద రేకులు వేసుకుంటే కాగితం మీద ఆ కుటుంబానికి ఇల్లున్నట్టే. మే నెలలో మధ్యాహ్నం ఆ రేకుల కింద బాలింతను, ముసలివాళ్లను పడుకోబెట్టి చూస్తే తెలుస్తుంది అది ఇల్లో పొయ్యో. ఇక ఒకే ఇంటి నంబరు మీద అన్నదమ్ములు ముగ్గురు వేరుపడి మూడు పొయ్యిలు పెట్టుకున్నా, ఒక ఇల్లే అని రాసుకొని పోతారు. వలస పోయిన పాలమూరు కుటుంబం ఇంటికి తాళం ఉంటే, సర్వేకు వచ్చినాయన పక్కింటికి పోతాడు. అవసరం ఎక్కువ ఉన్నవాళ్ల పేరే ముందు జారిపోతుంది.

ఇప్పుడు స్తోమత సంగతి. కేంద్రం పథకం కింద మైదాన ప్రాంతంలో ఇంటికి వచ్చేది 1.20 లక్షలు. 2016లోనూ అంతే. 2024 ఆగస్టులో ఇంకో 2 కోట్ల ఇళ్లకు ఆమోదం ఇచ్చినప్పుడూ అంతే. మన లెక్కలో, అంటే వడ్లలో చూద్దాం. 2016-17లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 1,470 రూపాయలు. అప్పుడు 1.20 లక్షలంటే 81 క్వింటాళ్ల వడ్లు. 2025-26లో ధర 2,369. ఆ ధరకు అదే 1.20 లక్షలు 50 క్వింటాళ్ల వడ్లకు సమానం. ఇంటి సాయం పేరుకు తగ్గలేదు. విలువలో 31 క్వింటాళ్లు తగ్గిపోయింది.

మన రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్ల కింద 5 లక్షలు ఇస్తామన్నారు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. కేంద్రం ఇచ్చేదానికంటే ఇది ఎంతో మెరుగు, ఆ మాట ఒప్పుకోవాలి. మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్ష, స్లాబ్ పడ్డాక 2 లక్షలు, అంతా అయ్యాక లక్ష. గమనించండి, ప్రతిసారీ "అయ్యాక". ముందు పెట్టుబడి ఎవరిది? పునాది తవ్వడానికి, కంకరకు, సలాకకు, మేస్త్రీకి పైసలు ముందే కావాలి. చేతిలో లేనివాడు మిత్తికి తేవాల్సిందే. సొంత జాగ ఉన్నవాళ్లకు ముందు అన్నారు కాబట్టి జాగే లేని కూలి కుటుంబాలు వరుసలో చివరికి పోయాయి.

400 అడుగుల ఇంటికి, అడుగుకు తక్కువలో తక్కువ 1,700 వేసుకున్నా 6.80 లక్షలు. 5 లక్షలు పూర్తిగా వచ్చినా 1.80 లక్షలు తక్కువ. దాన్ని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,600, ఏడాదికి 43,200. అంటే 18 క్వింటాళ్ల వడ్లు. విత్తనం, ఎరువు, నాటు కూలి, కోత మిషన్ కిరాయి పోను మిగిలేదాన్ని పట్టి చూస్తే, ఒక పంటకు రెండెకరాల మిగులు వడ్డీకే పోతుంది. అసలు అట్లాగే ఉంటుంది. బ్యాంకుకు పోదామంటే ఇంటి రుణానికి జీతం చీటీ అడుగుతారు. గ్రామకంఠంలో ఉన్న ఇంటికి రిజిస్టర్ కాగితం అడుగుతారు. తాతల నాటి నుంచి ఉన్న ఇంటికి కాగితం ఎక్కడి నుంచి తెస్తాం?

కాబట్టి మేము చెప్పేది ఒకటే. అవసరం ఎంత ఉందో పై నుంచి వచ్చే కాగితం చెప్పేదాకా ఆగొద్దు. ప్రతి ఊళ్లో మన సంఘం కమిటీ ఇంటింటికీ తిరిగి ఐదు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో ఎన్ని పొయ్యిలు? కప్పు ఏమిటి, వానకు కురుస్తుందా? జాగ ఎవరి పేర ఉంది, కాగితం ఉందా? పంట, పశువులు, మందులు ఎక్కడ పెడుతున్నారు? ఇంటి కోసం చేసిన అప్పు ఎంత, వడ్డీ ఎంత? తాళం వేసిన ఇల్లుంటే పక్కవాళ్లను అడిగి ఫోన్ చేసి రాసుకోవాలి. కౌలుదారును, ఒంటరి మహిళను, కూలి కుటుంబాన్ని వదలొద్దు. మన పార్టీవాడా కాదా అని చూడొద్దు. అట్లా చూస్తే మన జాబితాకూ వాళ్ల జాబితాకూ తేడా ఉండదు.

ఆ జాబితాను గ్రామసభలో అందరి ముందు గట్టిగా చదవాలి. తీర్మానం పుస్తకంలో రాయించాలి, నకలు తీసుకోవాలి. 2025 జనవరిలో గ్రామసభలు పెట్టి పేర్లు చదివినప్పుడు ఎన్ని ఊళ్లలో జనం లేచి అడిగారో అందరూ చూశారు. అడిగినవాళ్ల చేతిలో సొంత లెక్క ఉంటే ఆ మాట గాలికి పోదు.

దాంతోపాటు ఈ డిమాండ్లు పెడదాం. కిసాన్ కార్డును ఆస్తిగా చూసే నిబంధన తీసేయాలి. కేంద్రం ఇచ్చే సాయాన్ని ఏటా ధరలను బట్టి పెంచాలి. మొదటి విడత సొమ్ము పునాదికి ముందే ఇవ్వాలి. జాగ లేనివాళ్లకు జాగ చూపించాలి. గ్రామకంఠం ఇళ్లకు హక్కు పత్రాలు ఇవ్వాలి, వాటి మీద సహకార సంఘం ద్వారా తక్కువ వడ్డీకి రుణం ఇప్పించాలి. రైతు, కూలి ఇంటి కొలతలో పంట పెట్టుకునే గదిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వచ్చే నెల కమిటీ సమావేశానికి ప్రతి ఊరి నుంచి కనీసం ఒక వాడ లెక్కైనా రాసుకొని రండి. నోటుబుక్కులు సంఘం ఇస్తుంది. సెలవు.