కొండమీది ఊళ్ళు, కింద బంకమన్ను

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విదేశాల్లో చూసినదేదైనా పది నిమిషాలు చెప్పమని మన కార్యదర్శి ఆజ్ఞ. ఇటలీ అనగానే రోమ్, వెనిస్, పీసా గోపురం అందరూ చెబుతారు. నేను వాటి జోలికి పోను. రోమ్‌కు ఉత్తరాన కొండలమీదున్న రెండు ఊళ్ళకు నేనూ మా ఆవిడా వెళ్ళాం. వాటి సంగతే చెబుతాను.

మొదటిది ఒర్వియేటో. రైలు దిగి తలెత్తితే నిట్టనిలువు రాతి దిబ్బ, దానిమీద ఊరు. అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి అది. మా భాషలో టఫ్ అంటాం. స్టేషన్ ఎదుటనుంచే తీగతో లాగే బండి పైకి తీసుకెళ్తుంది. 1888లో మొదలుపెట్టినప్పుడు అది నీటి బరువుతో నడిచేదట. పై బండి తొట్టిలో నీళ్ళు నింపితే, అది దిగుతూ కింది బండిని పైకి లాగేది. ఇప్పుడు కరెంటు.

అక్కడి బావి చూడాలి. 1527లో శత్రుసేనలు రోమ్‌ను దోచుకుంటే ఏడవ క్లెమెంట్ పోపు ఈ ఊళ్ళో తలదాచుకున్నాడు. ముట్టడి వస్తే నీళ్ళెలా అని బావి తవ్వమన్నాడు. పని అప్పగించింది చిన్న ఆంటోనియో ద సంగాల్లోకు. లోతు 50 మీటర్ల పైచిలుకు. నీళ్ళు మోసేది గాడిదలు. దిగే గాడిదకు ఎక్కే గాడిద ఎదురైతే పని ఆగిపోతుంది కదా! అందుకని ఒకదాన్నొకటి కలవని రెండు మెట్ల దారులు బావి చుట్టూ మెలికలు తిప్పాడు. ఒక్కో దారికి 248 మెట్లు, వెలుతురుకు కిటికీలు. మోట బావి దగ్గర ఎద్దులు వెనక్కి నడవడం చూసి పెరిగినవాణ్ణి, ఆ గోడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. పని 1537లో పూర్తయింది. పోపు అంతకు మూడేళ్ళ ముందే పోయాడు.

ఇక రెండోది, చివిత ది బాన్యోరెజో. ఒర్వియేటో నుంచి బస్సులో బాన్యోరెజో దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడవాలి. లోయ మధ్యలో ఒంటరి దిబ్బ, దానిమీద గుప్పెడు ఇళ్ళు. అక్కడికి చేరే దారి 1965లో కట్టిన కాలినడక వంతెన ఒక్కటే. చివర్లో ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. ఇటలీవాళ్ళు దీన్ని 'చచ్చిపోతున్న ఊరు' అంటారు. ఎందుకంటే పైన టఫ్, కింద ఒకప్పటి సముద్రపు బంకమన్ను. వానలకీ వాగులకీ మన్ను జారిపోతే పైరాయికి ఆధారం పోయి నిలువునా చీలి, పెళ్ళలుగా లోయలో పడుతుంది. 1695లో భూకంపం వచ్చాక చాలామంది పక్కనున్న బాన్యోరెజోకు తరలిపోయారు.

కాపాడలేరా అని మీరడుగుతారు. ఒర్వియేటో కొండకూ ఇదే జబ్బు. కొండచరియలు విరిగిపడ్డాక 1978లో ప్రత్యేక చట్టం చేసి, రాతిలోకి ఇనుప కడ్డీలు దించి బిగించారు. అంతకన్నా ముఖ్యంగా, ఊళ్ళో కారుతున్న నీటి గొట్టాలనూ మురుగు గొట్టాలనూ బాగుచేశారు. కొండకు శత్రువు నీరే. చివితలో వ్యవహారం ఇంకా కష్టం. అక్కడ మన్నును ఆపలేం, దాని వేగం తగ్గించగలం. ఆ ఖర్చు దండగని నేననను.

నన్ను తొలిచింది వేరే సంగతి. ఏడాది పొడవునా అక్కడ కాపురముండేవాళ్ళు పదీ పదిహేనుమందికి మించరు. చూడటానికి వచ్చేవాళ్ళు మాత్రం ఏటా లక్షల్లో. 2013లో వంతెన దగ్గర టికెట్ పెట్టారు, ఒకటిన్నర యూరో. తర్వాత అది 5 యూరోలైంది. ఊరికి టికెట్ కొని వెళ్ళడమేమిటని మా ఆవిడ గొణిగింది. కానీ చూసేవాళ్ళు రాకపోతే ఆ కాస్త బతుకుతెరువూ ఉండదు. గుమ్మాలకు పూలకుండీలు కళకళలాడుతున్నాయి గానీ, సగం తలుపులు మూసే ఉన్నాయి. చాలావరకు సెలవులకొచ్చే రోమ్‌వాళ్ళ ఇళ్ళట. మన బ్యాచ్‌లో సొంతూళ్ళో ఇంటికి తాళం వేసినవాళ్ళు చేతులెత్తమంటే, ముందు నాదే లేస్తుంది. మన ఊళ్ళకింద బంకమన్ను లేదు, భూకంపం రాలేదు. అయినా ఖాళీ అయ్యాయి.

వెళ్ళదలచినవాళ్ళకు ఒక మాట. ఆదివారం ఆ బస్సు నమ్ముకోకండి. మాస్టార్లు వెళ్తే బావిలోకి దిగేముందు మోకాళ్ళను అడగండి. దిగిన 248 మెట్లూ రెండో దారిన ఎక్కాల్సిందే, గాడిదలు ఇప్పుడు లేవు.